ఛాయాచిత్ర వ్యాసంగము

చదువునకును, పనికిని, నిద్రకును పోగా మిగిలిన కాలమును మనుష్యుడు దేనికి వినియోగించునో దానినిబట్టి అతని అభిరుచి తెలియును. కొందఱు తపాలా బిళ్ళలను కూర్తురు. కొందఱు నాణెములను సేకరింతురు. మఱికొందఱు పక్షుల కూతలు విని వాని పేరులు చెప్పుట అభ్యసింతురు. ఇట్టి పనులవలన ధనము రాకపోవచ్చును. పరీక్షలలో మార్కులు పెరుగకపోవచ్చును. అయినను కన్ను, చేయి, మనస్సు – ఈ మూడును వీనిచేత పదునెక్కును. విమానములను, బండ్లను, ఇంటిలోని నిత్యోపయోగ వస్తువులను ఛాయాచిత్రములుగా తీయుట ఇట్టి వ్యాసంగములలో నొకటి. ఇది పనికిమాలిన కాలక్షేపమని పెక్కుమంది తలంచుచున్నారు. నా అభిప్రాయము వేఱు. సక్రమముగా సాగించినచో విద్యార్థులకు ఇంతకంటె మేలైన వ్యాసంగములు కొలదిగా మాత్రమే కలవని నా నమ్మకము. సక్రమముగా సాగించుట యన నేమో ముందు ముందు వివరించెదను.

ఈ వ్యాసంగమును నిందించువారు మొదట అడుగు ప్రశ్న యిది: “దేవాలయమును తీసినచో అర్థమున్నది, పెండ్లిని తీసినచో అర్థమున్నది. త్రోవను పోవు లారీని, వంటయింటిలోని పోపులపెట్టెను తీయుట దేనికి?” దీనికి సమాధానము ఆ వస్తువుల ఆయుర్దాయములోనే యున్నది. దేవాలయము నూఱేండ్ల తరువాతను నిలిచియుండును. పెండ్లిని చూచినవారు వందలకొలది యుందురు. లారీయు పోపులపెట్టెయు అట్లు కావు. అవి ప్రతిదినము కన్నుల యెదుట నుండుటచేత ఎవ్వరును వానిని పరికించి చూడరు. పరికించి చూడకపోవుటచేత, అవి మఱుగుపడిన దినమున ఎవ్వరికిని వాని రూపము జ్ఞాపకమునకు రాదు.

మన దేశమున 1957వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన నయాపైసలు వచ్చినవి. 1958 అక్టోబరు మొదలు మెట్రిక్ తూనికలు క్రమముగా అమలులోనికి వచ్చినవి. అంతకు ముందు మన ఇండ్లలో వీసెయు, మణుగును, సోలయు, తవ్వయు, మానికయు, కుంచమును నిత్యము మెలగినవి. నేడు ఎనిమిదవ తరగతి విద్యార్థులను సోల యెంత యుండునో చేతులతో చూపుమనినచో ఎందఱు చూపగలరు? తంతివార్తలు 2013 జూలైలో నిలిచిపోయినవి. పావలా నాణెము 2011లో చెలామణినుండి తొలగిపోయినది. యాబదియేండ్లకు పైగా మన వీథులలో తిరిగిన అంబాసిడరు కారు నిర్మాణము 2014లో ఆగిపోయినది. ఇవి పురాణకాలపు సంగతులు కావు. మీ యన్నలును అక్కలును ఎఱిగినవే. వస్తువు నశించుటకు శతాబ్దములు పట్టవు. ఒక తరము చాలును.

ఈ విషయమును తగరపువలస నిలువుటద్దమువలె చూపును. విశాఖపట్టణమునుండి విజయనగరమునకు పోవు దారిలో గోస్తనీనది సమీపమున ఆ యూరున్నది. చెన్నైనగరమును కోల్‌కతానగరముతో కలుపు జాతీయ రహదారి ఆ ప్రాంతముమీదుగనే పోవుచున్నది. అచ్చట ఒక యరగంటసేపు నిలిచినవానికి ఇనుము మోయు లారీలు, ప్రయాణికులతో క్రిక్కిరిసిన ఆర్టీసీ బస్సులు, కూరగాయల ఆటోలు, భీమునిపట్నమునుండి వచ్చు చేపల బండ్లు – ఎన్నియో కనబడును. ఆ ప్రక్కనే చిట్టివలస జనపనార మిల్లు తరతరములుగా వేలకొలది కుటుంబములకు అన్నము పెట్టి 2009లో మూతపడినది. ఈ ప్రాంతపు గోగునార “బిమ్లీపట్నం జూట్” అను పేర ఒకప్పుడు దేశాంతరములలోని వర్తకులకును తెలిసియుండెను. ఆ మిల్లులో పనిచేసినవారి ఇండ్లలో అన్నపు క్యారియరో, గుర్తింపుబిళ్ళయో, గోనెలు కుట్టు సూదియో నేటికిని ఉండవచ్చును. వానిని చిత్రించి, వాని కథను అడిగి వ్రాసికొనువారు లేకున్నచో, ఆ ఇండ్లకు సున్నము వేయునాడు అవి చెత్తకుప్పలోనికి పోవును. వానితోపాటు ఒక యూరి కష్టచరిత్రయు పోవును.

రాజులకు చిత్రకారుల కొఱత ఎన్నడును లేదు. ఆఱవ నిజాము ఆస్థానమున ఛాయాచిత్రకారుడుగా నుండిన రాజా దీనదయాళ్ తీసిన చిత్రములు జగత్ప్రసిద్ధములు. వానివలన ఆనాటి సౌధములును, వేటలును, దర్బారు వేషములును మనకు కన్నులకు కట్టినట్లు తెలియుచున్నవి. ఆ మహానుభావుని నేర్పునకు నమస్కరింపవలసినదే. కాని అదే కాలమున ఒక సామాన్య రైతు వంటయింటిలో ఏ గిన్నె యెచ్చట నుండెనో చూపు చిత్రములు అరుదు. ఆ కొఱతను ఆస్థానములు తీర్పవు. ఇంటింటి పిల్లలే తీర్పవలయును.

పిల్లలవలన ఇంతటి పని యగునా యని సందేహింప నక్కఱలేదు. ఫ్రాన్సు దేశమున 1894లో జన్మించిన జాక్ ఆన్రీ లార్టీగ్ అనునతనికి ఏడెనిమిదేండ్ల ప్రాయముననే తండ్రి కెమెరా నిచ్చెను. ఆ బాలుడు తన గదిలోని ఆటకార్లను నేలపై వరుసగా నిలిపి చిత్రము తీసెను. ఇంటివారు తోటలో చేసిన ఆటలను, అన్న తయారుచేసిన ఎగురు యంత్రములను, అప్పుడప్పుడే గాలిలోనికి లేచుచుండిన తొలి విమానములను, పందెపు కార్లను తీసెను. వేగముగా పోవు కారును తీయబోగా దాని చక్రము ఒక ప్రక్కకు వాలిన కోడిగ్రుడ్డువలె చిత్రములో పడినది. అది చెడిపోయిన చిత్రమని మొదట ఎవ్వరును లెక్కచేయలేదు. నేడు వేగమును కన్నులకు చూపిన చిత్రములలో దానికి అగ్రస్థానము. అతని చిత్రములకు లోకము పేరు పెట్టినది 1963లో, అనగా అతడు దాదాపు డెబ్బది యేండ్లవాడైన పిమ్మట. అంతవఱకును అతడు కీర్తికొఱకు గాక తన సంతోషముకొఱకే తీసెను. ఇచ్చట గమనింపవలసిన సంగతి మఱియొకటి యున్నది. అతడు చిత్రములను ఆల్బములలో క్రమముగా అంటించెను, దినచర్య వ్రాసికొనెను. నూఱింటికి మించిన ఆ ఆల్బములను 1979లో తన దేశమునకు దానము చేసెను. వ్రాతయు క్రమమును లేకున్నచో ఆ చిత్రములకు నేడున్న విలువ యుండెడిది కాదు.

అదే దేశమున ఆట్జే అను నతడు పారిస్ నగరపు బండ్లను, అంగళ్ళను, మెట్లను, తలుపు గడియలను, సామాన్యుల గదులను ముప్పదియేండ్ల కాలము విసుగు లేక తీసెను. తన చిత్రములు చిత్రకారులకు ఆధారములు మాత్రమే యని అతడు చెప్పుకొనెడివాడు. ఆ పాత పారిస్ నగరమున చాల భాగము మాఱిపోయినది. ఆనాటి వీథులలో ఎట్టి బండ్లు తిరిగెనో నేటివారు తెలిసికొనుటకు అతని చిత్రములు శరణ్యములైనవి.

ఇక రెండవ ఆక్షేపణము. నేడు ప్రతి ఇంటను సెల్‌ఫోను కలదు; ప్రతి సెల్‌ఫోనునందును కెమెరా కలదు. “చిత్రములు తక్కువయై బాధపడువారెవరు? ఎక్కువయై బాధపడుచున్నాము గదా!” యని పెద్దలందురు. ఈ మాట నేను సంపూర్ణముగా అంగీకరింతును. వేయి చిత్రములు తీసి, ఒక్కదానినైనను మరల చూడనివాడు ఛాయాచిత్రకారుడు కాడు. మీటను నొక్కువాడు మాత్రమే. అమెరికాలో లిండా హెంకెల్ అను మనశ్శాస్త్ర పండితురాలు ఒక మ్యూజియములో విద్యార్థులపై పరీక్ష జరిపి, ఫలితములను 2014లో ప్రకటించెను. కొన్ని వస్తువులను ఊరక చూడుమనియు, కొన్నింటిని చిత్రము తీయుమనియు ఆమె వారికి చెప్పెను. మఱునాడు అడుగగా, చిత్రము తీసిన వస్తువులకంటె ఊరక చూచినవే వారికి ఎక్కువగా జ్ఞాపకమున్నవి. కెమెరా జ్ఞాపకముంచుకొనునను ధీమాతో మనస్సు నిద్రించెనన్నమాట. కాని వస్తువుయొక్క ఒక భాగమును ఎన్నుకొని, దానిని దగ్గఱగా తీసినపుడు జ్ఞాపకము తగ్గలేదు. కనుక దోషము కెమెరాయందు లేదు. చూడక తీయుటయందే యున్నది. ముందు చూచి, ఏ భాగమును తీయవలయునో నిశ్చయించి, పిమ్మట తీయువానికి అదే కెమెరా గురువగును.

వస్తువును చూచుట యన దాని పేరును తెలిసికొనుట కూడ. ఎడ్లబండిని తీసితిరనుకొనుడు. “ఎడ్లబండి” యని క్రింద వ్రాసి ఊరకుండవచ్చును. అట్లు కాక బండి తోలువానిని వినయముగా అడిగినచో ఇరుసు ఏదో, ఆకులు ఏవో, పూటీలు ఏవో, శీల ఏదో, నొగలును కాడియు ఎచ్చట కలియునో అతడు ఒక్కొక్కటే చూపును. ఒక్క చిత్రమునకు పది మాటలు లభించినవి! 1962లో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమున వ్యవసాయపదములను ప్రకటించిరి. 1971లో చేనేతపదముల సంపుటము వెలువడినది. పండితులు పల్లెలకు పోయి పనివారి నోటినుండి ఆ మాటలను సేకరించిరి. మీరు కెమెరాతో చేయదగిన పనియు అట్టిదే. వస్తువు పోయిన తరువాత మాట కొంతకాలము మిగులును. మాటకు రూపము తెలియనినాడు అదియును పోవును. చిత్రమును, పేరును ఒకచోట నుంచినచో రెండును బ్రదుకును.

విమానముల విషయమున విశాఖపట్టణపు పిల్లలు అదృష్టవంతులు. సముద్రతీరపు బాటలో కురుసుర జలాంతర్గామి యున్నది. అది 1969లో భారత నౌకాదళమున చేరి, 2001లో సేవ విరమించి, 2002లో ప్రదర్శనశాల యైనది. దాని కెదురుగా టీయూ-142 అను పెద్ద విమానము నిలిచియున్నది. 1988 మొదలు 2017 మార్చి 29వ తేదీ వఱకు ఆ జాతి విమానములు మన సముద్రములను కాచినవి. 2017 డిసెంబరులో ఆ ప్రదర్శనశాల ప్రారంభమైనది. అచ్చటికి పోయిన పిల్లలలో పలువురు దాని ముందు నిలిచి తమ ముఖములను తీసికొని వచ్చెదరు. దానివలన ముఖము తెలియునుగాని విమానము తెలియదు. దగ్గఱకు పోయి చూడుడు. ఆ విమానమునకు నాలుగు యంత్రములు. ఒక్కొక్క యంత్రమునకు ఒకదాని వెనుక నొకటిగా రెండు పంకాలు. ఒక్కొక్క పంకాకు నాలుగు ఱెక్కలు. మొత్తము ముప్పదిరెండు! ముందటి పంకా యొకవైపునకు తిరిగినచో వెనుకటిది ఎదురువైపునకు తిరుగును. ముందటిది మెలివెట్టి వదలిన గాలిని వెనుకటిది సరిచేసి, ఆ వృథాశక్తిని సైతము విమానమును ముందునకు నెట్టుటకు వినియోగించును. ఆ రెండు పంకాల ఱెక్కలును ఎదురెదురుగా వంగియుండుట ఒక మంచి చిత్రములో స్పష్టముగా కనబడును. ఆ వంపును గమనించి తీసిన విద్యార్థి ఒక భౌతికశాస్త్ర పాఠమును నేర్చినవాడే.

తీయు పద్ధతినిగూర్చి కొంచెము చెప్పెదను. వెలుతురే ఛాయాచిత్రమునకు సిరా. మధ్యాహ్నపు టెండ వస్తువుల ఆకారమును మింగివేయును. ఉదయసాయంకాలముల ఏటవాలు టెండ ఆకారమును ఎత్తి చూపును. బండ్లను తీయునపుడు సూర్యుడు మీ వీపువైపున నుండుట మేలు. తిరుగుచున్న పంకా గల విమానమును సెకనులో రెండువేలవవంతు కాలముతో తీసినచో పంకా కదలక, విమానము గాలిలో వ్రేలాడగట్టినట్లు తోచును. సెకనులో నూఱవవంతు ప్రాంతమున తీసినచో పంకా తిరుగుచున్నట్లే కనబడును. పరుగెత్తు బస్సును తీయునపుడు కెమెరాను బస్సుతోపాటు మెల్లగా త్రిప్పినచో బస్సు స్పష్టముగాను, వెనుకటి చెట్లు గీతలుగాను పడి వేగము తెలియును. ఇంటి వస్తువులను కిటికీ ప్రక్కన నుంచి, ప్రక్కవెలుతురున తీయుడు. పరిమాణము తెలియుటకు ప్రక్కనొక రూపాయి బిళ్ళనో, కొలబద్దనో ఉంచుడు. తాతగారి కళ్ళజోడు, అమ్మమ్మ అడకత్తెర, మజ్జిగ చిలుకు కవ్వము, తండ్రిగారు మొదటి జీతముతో కొన్న చేతిగడియారము – ఇవన్నియు మీ యింటనే యున్నవి. వీనికై దూరదేశములకు పోనక్కఱలేదు.

ఇక ఈ వ్యాసంగమునకు ఎల్ల లున్నవి. అవి విశాఖ మండలమున మఱింత ముఖ్యములు. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసినవి. 1971 యుద్ధకాలమున పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ఈ తీరము చేరువనే మునిగిపోయినది. ఇది తూర్పు నౌకాదళమునకు ప్రధానస్థానము. పౌరవిమానములు దిగుచు వచ్చిన విశాఖ విమానాశ్రయము సైతము నౌకాదళపు డేగా స్థావరములోనిదే. భీమునిపట్నము దారిలోను నౌకాదళ స్థావర మున్నది. ఇట్టి చోట్ల కెమెరా ఎత్తుట సరదా కాదు, నేరము కావచ్చును. 1937 నాటి విమాన నియమావళిలోనే అనుమతి లేక విమానాశ్రయములలో చిత్రములు తీయరాదను నిబంధన యున్నది. 2001లో గ్రీసు దేశమున వైమానిక ప్రదర్శన చూడబోయిన బ్రిటిషు, డచ్చి విమానప్రియులు కొందఱు గూఢచారులను అనుమానముపై నిర్బంధింపబడి, శిక్షలు పడి, 2002 నవంబరులోగాని అప్పీలులో నిర్దోషులుగా విడుదల కాలేదు. 2010లో ఢిల్లీ విమానాశ్రయ సమీపమున ఇద్దఱు బ్రిటిషువారు ఇట్లే చిక్కుకొని, నెలలకొలది మన దేశముననే ఉండిపోవలసి వచ్చెను. వారి మనస్సులలో చెడుతలంపు లేదు. కాని కాపలాదారునకు మనస్సు కనబడదు. కెమెరా మాత్రమే కనబడును.

తగరపువలసకు అనతిదూరమున, భోగాపురమువద్ద, అల్లూరి సీతారామరాజు పేర నూతన విమానాశ్రయమునకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగినది. దానివలన ఈ ప్రాంతపు బాలబాలికల తలలపై విమానముల రాకపోకలు పెరుగగలవు. ఉత్సాహము పెరుగుట సహజము. అందుచేతనే ఇప్పుడే నియమమును నేర్వవలయును. నిషేధపు బోర్డున్న చోట కెమెరాను సంచిలోనుండి తీయరాదు. సందేహమున్నచోట అడుగవలయును, అడుగుటకు వీలు లేనిచోట మానుకొనవలయును. ప్రదర్శనశాలలకు పోయినపుడు కెమెరాకు అనుమతియో రుసుమో కావలయునేమో ముందుగనే తెలిసికొనవలయును. రైలుపట్టాలపైనను, రహదారి అంచునను, వంతెన పిట్టగోడపైనను నిలిచి చిత్రములు తీయుట సాహసము కాదు, అవివేకము. ఎట్టి చిత్రమును ఒక ప్రాణమునకు సాటి రాదు.

చట్టమునకు మించినది మర్యాద. ఇతరుల వస్తువు ఇతరులదే. బండిని తీయదలచినచో బండివానిని అడుగుడు. అంగడిని తీయదలచినచో అంగడివానిని అడుగుడు. ముసలివారి ఇంటిలోనికి పోయి వారి పాత సామానులను చూచి నవ్వకుడు. మీకు వింతగా తోచిన ఆ పగిలిన లాంతరు వెలుతురుననే వారి పిల్లలు చదువుకొని యుందురు. “ఇది ఎప్పటిది? ఎవరు వాడిరి? దీనిని మీరేమందురు?” అని అడిగి, వారు చెప్పునంతసేపు వినుడు. పెద్దవారికి తమ మాట వినువారు దొరకుట ఆనందము. చిన్నవారికి పుస్తకములలో లేని విద్య దొరకుట లాభము. ఈ వ్యాసంగమున నాకు మిక్కిలి నచ్చిన గుణ మిదియే. కెమెరా సాకుగా రెండు తరములు ఒకచోట కూర్చుండును.

కడపట ఒక సూచన. ఫిలిము వాడిన కాలమున ఒక చుట్టతో పండ్రెండు చిత్రములు మాత్రమే వచ్చు కెమెరాలుండెడివి. తీయువాడు పండ్రెండు మార్లు ఆలోచించెడివాడు. మీరును ఆ నియమమును పెట్టుకొనుడు: నెలకు పండ్రెండు చిత్రములు. సొంత ఫోను అక్కఱలేదు. ఇంటి పెద్దలను అడిగి నెలలో ఒక ఆదివారము తీసికొన్నను చాలును. ఒక నోటుపుస్తకమున ప్రతి చిత్రమునకును అయిదు సంగతులు వ్రాయుడు – అది ఏ వస్తువు, ఎవరిది, ఎచ్చట, ఏ తేదీన తీసినది, దాని భాగములను ఆ యూరివారు ఏమని పిలుతురు. నెలకు ఒక్క మంచి చిత్రమును ఎన్నుకొని కాగితముపై అచ్చు వేయించి తరగతిలో అంటింపుడు. నలుబదిమంది విద్యార్థులున్న తరగతిలో సంవత్సరము ముగియునప్పటికి నాలుగువందల యెనుబది చిత్రములు, వానికి తగిన వివరణములు చేరును. దానిని పాఠశాల గ్రంథాలయమున భద్రపఱచినచో, అది ఆ యూరి చరిత్రపుస్తకమగును. అట్టి పుస్తకము ఏ విశ్వవిద్యాలయమునందును దొరకదు. ఆ యూరి పిల్లలు తప్ప మఱెవ్వరును దానిని వ్రాయలేరు.

విద్యార్థులారా! నేడు మీ వీథిలో తిరుగు ఆటో, మీ సంచిలోని లేఖిని, మీ యింటి గుమ్మమువద్దనున్న గోనెసంచి – ఇవి శాశ్వతములని తలంపకుడు. ముప్పదియేండ్ల తరువాత మీ బిడ్డలు “ఆటో యన నెట్లుండెడిది?” అని అడుగవచ్చును. ఆనాడు చూపుటకు ఒక చిత్రమును, చెప్పుటకు దాని భాగముల పేరులును మీవద్ద ఉండునట్లు నేడే చూచుకొనుడు.